పాత అంబాసడర్ సామానుకు నిమ్మ ఉప్పు: తుప్పు వదిలించడంలో ఎంత పనికొస్తుంది?

కిరాణా కొట్టులో పొట్లంగా దొరికే నిమ్మ ఉప్పును, అంటే సిట్రిక్ ఆమ్లాన్ని, పాత కారు విడిభాగాల తుప్పు వదిలించడానికి ఎంతవరకు నమ్మవచ్చో ఈ సమీక్షలో చెబుతాను. దీనిని వాడి చూసినవి అంబాసడర్ సామాన్లు: టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత), తలుపు కీళ్లు, జాకీ, బ్యాటరీ పళ్లెం, వెనుక చక్రాల బ్రేక్ డ్రమ్ములు. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వెతికితే పాత సామాను దొరుకుతుంది గాని, అది కూడా చాలాసార్లు తుప్పుతోనే చేతికి వస్తుంది. కాబట్టి ఉన్నదానిని శుభ్రం చేసుకోవడమే తెలివైన పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బకెట్టులో పూర్తిగా మునిగే ఇనుప వస్తువుకు ఇంత చవకగా, ఇంత సౌమ్యంగా పనిచేసే మందు మరొకటి లేదు. అయితే బకెట్టులోంచి తీసిన తరువాతి పావుగంటలో చేయవలసిన పని చేయకపోతే దాని గొప్పదనమంతా వృథా అవుతుంది.

ఉప్పుకాగితంతో గీకినప్పుడు పైన కనిపించే తుప్పు పోతుంది గాని, గుంటలలో దాగిన తుప్పు అలాగే ఉండి, వేసిన రంగును కొన్నాళ్లకు లోపలి నుంచి పైకి లేపుతుంది. ఇనుము తుప్పుగా మారేటప్పుడు దాని పరిమాణం బాగా పెరగడమే ఇందుకు కారణం. నిమ్మ ఉప్పు నీళ్లు ఆ గుంటలలోకి కూడా చొరబడతాయి. ఆమ్లంగా తుప్పును కరిగించడమే కాక, కరిగిన ఇనుప అయాన్లను సిట్రేటు అణువులు పట్టుకొని నీటిలోనే నిలిపి ఉంచుతాయి. మిగతా ఆమ్లాలకన్నా ఇది తక్కువ ఘాటుతో ఎక్కువ పని చేయడానికి కారణం ఈ రెండో గుణమే. ఎర్రటి తుప్పు త్వరగా వదులుతుంది. దాని అడుగున అతుక్కొని ఉండే నల్లటి పొర మాత్రం మొండిది. దానికి వేడినీళ్లూ, మధ్యమధ్య వైర్ బ్రష్షూ తప్పవు.

లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ వేసినందువల్ల పని ఆ మేరకు వేగం పుంజుకోదు; గోరువెచ్చని నీళ్లు వాడటం వల్ల మాత్రం తప్పకుండా పుంజుకుంటుంది. పాత్ర ప్లాస్టిక్‌ది అయి ఉండాలి. అల్యూమినియం గిన్నెలు, జింకు పూత ఉన్న రేకు బకెట్లు పనికిరావు. సామానును ముందుగా డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో తుడిచి, తరువాత సబ్బునీళ్లతో జిడ్డు పూర్తిగా పోయేలా కడగాలి, ఎందుకంటే గ్రీజు మరక ఉన్నచోట నిమ్మ ఉప్పు నీళ్లు లోహాన్ని తాకనే తాకవు. మా ఇంటి టాపెట్ కవర్ మీద పాత ఇంజిన్ ఆయిల్ ఎండి గట్టిపడింది. దానిని వదిలించడానికే తుప్పు వదిలించడం కన్నా ఎక్కువ శ్రమ పట్టింది.

ఒక మెరుగు చెప్పుకోవాలి. 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగిన లీటరు నీటిలో సుమారు 40 గ్రాముల వంట సోడాను కొద్దికొద్దిగా కలిపితే, ఆమ్లం పదును తగ్గి అందులో చాలా భాగం సోడియం సిట్రేటుగా మారుతుంది. అప్పుడది తుప్పును కరిగిస్తూనే మంచి ఇనుమును తక్కువగా తింటుంది. సోడా వేయగానే నురగ విపరీతంగా పొంగుతుంది కాబట్టి పాత్రలో సగానికి మించి నీళ్లు ఉండకూడదు. కొన్ని గంటల్లోనే నీళ్లు పచ్చగా, తరువాత నల్లగా మారతాయి. పలచని తుప్పుకు మూడు నాలుగు గంటలు, మందపు తుప్పుకు ఒక రాత్రి చాలు. రోజుల తరబడి మరిచిపోతే లోహం మీద పసుపురంగు మడ్డి పేరుకొని, ఆ తరువాత రుద్దినా తొందరగా వదలదు.

ఫలితాలు అన్నింటికీ ఒకేలా లేవు. జాకీ, తలుపు కీళ్లు బూడిదరంగు లోహం కనిపించేంత శుభ్రంగా వచ్చాయి. కీళ్ల సందులలో బ్రష్ దూరని చోట కూడా తుప్పు కరిగిపోవడం ఈ పద్ధతికి దక్కిన అసలైన విజయం. బ్యాటరీ పళ్లెం మీది తుప్పు పోయింది గాని, తుప్పుతో పాటు అడుగున రంధ్రాలూ బయటపడ్డాయి. అది మందు తప్పు కాదు, ఉన్న లోహం అంతే. బ్రేక్ డ్రమ్ములు పోత ఇనుముతో చేసినవి కాబట్టి, ఇనుము కొద్దిగా కరిగాక అందులోని గ్రాఫైటు నల్లటి మసిలా పైకి తేలుతుంది. నీళ్లలో రుద్దితే పోతుంది, కంగారు పడనక్కరలేదు. కంగారు పడవలసింది డ్రమ్ము లోపలి దుమ్ము గురించి. పాత బ్రేక్ లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి దానిని ఊదడం గాని, పొడిగా బ్రష్ చేయడం గాని చేయకూడదు. తడిపి, తడిగుడ్డతోనే తీసి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి.

కొన్నింటిని ఈ బకెట్టు దరిదాపులకు కూడా తేకూడదు. కార్బరేటర్‌ వంటి అల్యూమినియం, జింకు మిశ్రమ భాగాలు రంగు మారి, పైపొర గరుకెక్కుతాయి. జింకు పూత ఉన్న నట్లు, వాషర్ల పూత కాస్తా కరిగిపోతుంది. కమాన్ కట్టలు, ముందు చక్రాల టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), అధిక దృఢత్వం గల బోల్టులు ఇంకా సున్నితమైన విషయం. ఆమ్లంలో ఇనుము కరిగేటప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దానిని పెళుసుగా మార్చగలదు, పైకి మాత్రం ఏ తేడా కనిపించదు. ప్రాణాలు ఆధారపడిన భాగాలకు వైర్ బ్రష్, ఎమెరీ కాగితమే మేలు. కమాన్ కట్టల యూ బోల్టులనైతే శుభ్రం చేసే ఆలోచన మాని కొత్తవి వేయించుకోవాలి.

ఇక అసలు లోపం. నిమ్మ ఉప్పు నీళ్లలోంచి తీసి కడిగిన ఇనుము, గాలి తగిలిన కొద్ది నిమిషాలలోనే నారింజరంగు పూత కట్టుకోవడం మొదలుపెడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో, వానాకాలంలో ఇది మరీ వేగం. అందుచేత బకెట్టులో సామాను నానుతుండగానే రెండో బకెట్టులో వంట సోడా కలిపిన నీళ్లు, ఆ పక్కనే మరిగే నీళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి. సోడా నీళ్లు మిగిలిన ఆమ్లాన్ని విరిచేస్తాయి. మరిగే నీళ్లలో ముంచి తీసిన లోహం ఆ వేడికే ఇట్టే ఆరిపోతుంది. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఉప్పుశాతం ఎక్కువ, ఆ ఉప్పే కొత్త తుప్పుకు విత్తనం. చివరి కడుగుకు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి ఉంచుకొని వాడితే తేడా తెలుస్తుంది. ఆరిన వెంటనే రంగు వేసే భాగాలకు ప్రైమర్, వేయని భాగాలకు నూనె పట్టించాలి. డ్రమ్ము లోపల లైనర్ రాసుకునే ముఖానికి మాత్రం నూనె తగలనివ్వరాదు. పొరపాటున తగిలితే బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడిచి, అరుగుదల కొలతను మెకానిక్‌కు చూపించాకే బిగించాలి.

ప్రత్యామ్నాయాలలో మరుగుదొడ్డి యాసిడ్‌ను ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పును క్షణాలలో తినేస్తుంది, నిజమే. కాని దాని ఆవిరి అదే గదిలోని పానాలన్నింటికీ తుప్పు పట్టిస్తుంది, లోహం మీద మిగిలే క్లోరైడ్ మళ్లీ తుప్పును పిలుస్తుంది. రంగుల దుకాణాలలో డబ్బాలలో అమ్మే ఫాస్ఫారిక్ ఆమ్లపు మందులు దీనికన్నా ఖరీదైనా, లోహం మీద ఇనుప ఫాస్ఫేటు పొరను వదులుతాయి. నీళ్లలో ముంచలేని తలుపు అడుగులు, ఫ్లోర్ రేకులు వంటి వాటికి బ్రష్‌తో పూయడానికి నేను వాటినే ఎంచుకుంటాను. చాకలి సోడా నీళ్లలో బ్యాటరీ చార్జర్‌తో విద్యుత్తు పంపే పద్ధతి పెద్ద వస్తువులకు బాగుంటుంది. సామానును రుణధ్రువానికి, పనికిరాని మామూలు ఇనుప ముక్కను ధనధ్రువానికి కలపాలి; ధనధ్రువానికి స్టీలు గరిటెలు పెడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే ఆరుబయటే చేయాలి.

బెల్లపు మడ్డిలో నానబెట్టడం అన్నిటికన్నా నెమ్మది, వారాలు పడుతుంది, వాసన ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అయినా ఆ పద్ధతిని చూసి నవ్వడానికి నాకు మనసు రాదు: శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో పులియబెట్టి, ఆ నీటిలోకి దిగిన ఇనుమును కరక్కాయ పట్టించిన బట్ట మీద నల్లరంగుగా తేల్చేది ఇలాంటి రసాయనంతోనే. ఇనుమును కరిగించడం వారికి పని, తుప్పు వదలడం మనకు పని.

కొనేటప్పుడు చిన్న పొట్లాల కన్నా కెమికల్ దుకాణాలలో కిలో లెక్కన తీసుకోవడం చాలా చవక. తినేదే అయినా చేతి తొడుగులు, కళ్లద్దాలు వాడాలి. చేతి మీద గీసుకున్న గాయం ఉంటే మంట భరించలేరు, కంట్లో పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడగాలి. బ్లీచింగ్ పౌడర్ కలిసిన నీళ్లలో ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకసారి కలిపిన నీళ్లు నల్లబడినా రెండు మూడు వాయిల సామానుకు పనికొస్తాయి. వాటి పని నెమ్మదించాక వంట సోడా వేసి, పొంగడం ఆగేవరకు ఆమ్లాన్ని విరిచి, ధారాళంగా నీళ్లు కలిపి మురుగుకాలువలో పోయవచ్చు. నూనె, పాత రంగు పెచ్చులు కలిసిన నీళ్లను మాత్రం మొక్కల మొదట్లోనో బావి పక్కనో పారబోయకూడదు. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది.