కుడిచేతి దగ్గర మొదలుపెట్టిన ఉకులేలే సార్

గిటార్‌ని చిన్నది చేసినట్టుండే నాలుగు తీగల వాయిద్యం ఉకులేలేని రెండేళ్లు వీడియోలు చూసి నేర్చుకున్నాను. సీ, ఎఫ్, జీ, ఏ మైనర్ కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) వచ్చాయి. వాటితో వచ్చే పాటలు ఓ ఇరవై దాకా పాడుకునేదాన్ని. కానీ ఏ పాట వాయించినా ఒకేలా వినిపించేది. అది బాగా బాధపెట్టింది. అందుకే పాతికేళ్లుగా ఈ వాయిద్యమే నేర్పుతున్న ఒక సార్ దగ్గర ఆన్‌లైన్‌లో చేరాను. వారానికి ఒక క్లాసు, ముప్పావు గంట. ఇప్పటికి ఎనిమిది నెలలైంది.

మొదటి రోజు నేను కెమెరాను ఎడమచేతి వైపు పెట్టుకుని కూర్చున్నాను. "అది తర్వాత చూద్దామమ్మా, ముందు కుడిచెయ్యి చూపించు" అన్నారు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా విన్నారు. మోచేతి నుంచి మొత్తం చేతిని ఆడిస్తున్నానని, సరిగ్గా రంధ్రం మీద కొడుతున్నానని అప్పుడే తెలిసింది. ఉకులేలే మెడ వచ్చి పెట్టెకు కలిసే చోటికి చెయ్యి జరిపించారు. తడి చేతిని విదిలిస్తాం కదా, మణికట్టు అలా కదలాలన్నారు. కిందికి వెళ్లేటప్పుడు చూపుడు వేలి గోరు, పైకి వచ్చేటప్పుడు వేలి మెత్తటి భాగం తగలాలి. ఎడమచేత్తో తీగల్ని ఊరికే ఆనించి, స్వరం లేకుండా, రెండు వారాలు ఇదొక్కటే. రెండో వారం విసుగొచ్చిన మాట నిజం. కానీ ఆ తర్వాత పాత పాటే వాయిస్తే, గదిలో వేరే ఎవరో వాయిస్తున్నట్టు అనిపించింది.

ఈ సార్‌లో నాకు బాగా నచ్చింది, ఏ పద్ధతి నేర్పినా అది ఈ వాయిద్యానికి ఎందుకు నప్పుతుందో చెప్పడం. ఉకులేలేని జీ, సీ, ఈ, ఏ అని శృతి చేస్తాం. గిటార్‌లో అయితే మనకు దగ్గరగా, అన్నిటికన్నా పైనుండే తీగే మంద్రం. ఇక్కడ ఆ చోటున్న నాలుగో తీగ జీ, పక్కనున్న సీ కన్నా పై స్థాయిలో మోగుతుంది. నా ఉకులేలేకి లో-జీ తీగ, అంటే కింది స్థాయి జీ పలికేది, ఉండేది, దాన్ని మొదటి క్లాసులోనే మార్పించేశారు. కొత్త నైలాన్ తీగ సాగుతూ నాలుగు రోజులు శృతి నిలవనివ్వలేదు. ఎందుకింత పట్టుదల అనుకున్నాను కానీ, వరుస స్వరాలను వేర్వేరు తీగల మీద మీటే క్యాంపనెల్లా పద్ధతి దగ్గరికి వచ్చాక అర్థమైంది.

అంతకుముందు జీ, ఏ స్వరాలు వరుసగా రావాలంటే రెండో తీగ మీదే మూడో మెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్), ఐదో మెట్టు నొక్కేదాన్ని. వేలు జరిగేసరికి మొదటి స్వరం తెగిపోయేది. సార్ చెప్పినట్టు నాలుగో తీగను ఖాళీగా మీటి, వెంటనే మొదటి తీగను ఖాళీగా మీటితే జీ ఇంకా మోగుతుండగానే ఏ వచ్చి కలిసింది. చిన్న గంటలు ఒకదాని మీద ఒకటి మోగినట్టుంది. క్యాంపనెల్లా అంటే ఇటాలియన్‌లో చిన్న గంట అనే అర్థమట. ఆ రోజు క్లాసు అయ్యాక కూడా గంటసేపు ఆ రెండు తీగలే మీటుతూ కూర్చున్నాను.

బాంజో అనే తీగ వాయిద్యం నుంచి వచ్చిన క్లాహ్యామర్ పద్ధతి (గోటితో కిందికి కొట్టి, బొటనవేలితో తీగ మీటడం) కూడా ఆ జీ తీగ వల్లే కుదురుతుంది, బాంజోలోనూ బొటనవేలి దగ్గరుండే పొట్టి తీగ పై స్థాయిదే కాబట్టి. ఇంగ్లండ్ హాస్య గాయకుడు జార్జ్ ఫోర్మ్‌బీ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే స్ప్లిట్ స్ట్రోక్ అనే కుడిచేతి వాయింపు ఐదో నెలలో మొదలుపెట్టారు, అది నాకు ఇంకా వేగంలో రాలేదు. హవాయి పాటల్లో చరణం చివర వచ్చే డీ7, జీ7, సీ కార్డ్స్ వరుస నేర్పుతూ, 1879లో రావెన్స్‌క్రాగ్ ఓడలో మదీరా దీవి నుంచి హొనొలులు చేరిన వలస కూలీల గురించి, ఆ ఓడలోనే వచ్చి ఈ వాయిద్యం తయారుచేసిన ముగ్గురు వడ్రంగుల గురించి చెప్పారు. పోర్చుగీసు వాళ్ల చిన్న వాయిద్యం మషెత్ నుంచి ఉకులేలే ఎలా వచ్చిందో విన్నాక, చేతిలో ఉన్న దాని మీద ఇంకా ఇష్టం పెరిగింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఇద్దరం కలిసి వాయించలేం. ఆయన రికార్డు చేసి పంపిన దానితో నేను విడిగా వాయించుకోవాలి. ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో అంకెల్లో చూపే ట్యాబ్‌లు చేత్తో రాసి ఫోటో తీసి పంపుతారు, కొన్నిచోట్ల 1, 7 ఒకేలా కనిపిస్తాయి. ఈ విషయం రెండుసార్లు చెప్పాను, పెద్దగా మారలేదు. మొదటి మూడు నెలల్లో పాటలు చాలా తక్కువ. వచ్చే నెల ఫంక్షన్‌లో వాయించాలి అనుకునేవాళ్లకు ఈ క్లాసు కుదరదు. బారిటోన్ అనే పెద్ద ఉకులేలే ఉన్నవాళ్లు ముందే అడగండి, దానికి మామూలుగా డీ, జీ, బీ, ఈ శృతి, ఈ పాఠాల్లో చాలా భాగం దాని మీద పలకదు.

ఎన్నాళ్లో భయపెట్టిన 'ఈ మేజర్' అనే కార్డ్‌ని మాత్రం ఒక్క క్లాసులో దారికి తెచ్చారు. నాలుగో మెట్టు మీద ఉంగరం వేలిని మూడు తీగలకూ అడ్డంగా ఆనించి, మొదటి తీగకు రెండో మెట్టులో చూపుడు వేలు పెట్టించారు. ఉంగరం వేలి చివరి కణుపు కొంచెం వెనక్కి వంగితే మొదటి తీగకు తగలదు. అప్పుడు శుభ్రంగా మోగుతుంది.

ఇప్పుడు రోల్ స్ట్రమ్ మీద ఉన్నాం. చిటికెన వేలి నుంచి ఒక్కో వేలూ విసనకర్రలా విచ్చుకుంటూ తీగల మీదుగా జారాలి. నాకు ఉంగరం వేలు మధ్య వేలికి అతుక్కుపోతోంది. గురువారానికల్లా తాళం వేగం చూపే మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బల దగ్గర నాలుగు వేళ్లూ విడివిడిగా వినిపించాలన్నారు, అప్పుడే 70కి వెళ్తాం.