పెద్ద సంఖ్య ప్రధానమా కాదా: భాగిస్తూ పోవాలా, ఫెర్మా పరీక్ష పెట్టాలా?

4294967297 తీసుకుందాం. 2 పవర్ 32కి ఒకటి కలిపితే వచ్చేది. ఇది ప్రధాన సంఖ్యే అని గణితజ్ఞుడు ఫెర్మా గట్టిగా నమ్మాడు.

శ్రమ: భాగిస్తూ పోతే 65536 (దాదాపు మన సంఖ్య వర్గమూలం) లోపున్న 6542 ప్రధాన సంఖ్యలనూ ప్రయత్నించాల్సి రావచ్చు. ఫెర్మా పరీక్ష ఏమంటుందంటే, సంఖ్య ప్రధానమైతే, అది భాగించని ఏ సంఖ్యనైనా దానికంటే ఒకటి తక్కువ పవర్‌కి పెంచి దానితో భాగిస్తే 1 మిగలాలి. మనకు ఆ పవర్ 2 పవర్ 32 కాబట్టి, 3తో మొదలుపెట్టి 32 సార్లు వర్గం చేస్తూ, ప్రతిసారీ మన సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకుంటే చాలు. చివర్లో 1 మిగలకపోతే ప్రధానం కాదు, అంతే. ఇక్కడ 1 మిగలదు.

రిస్క్: భాగహారం మోసం చేయదు. పరీక్ష చేస్తుంది, 3 బదులు 2తో మొదలుపెట్టి చూడండి, ఇదే సంఖ్య పాసైపోతుంది! 561 మరీ ఘోరం, దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో మొదలుపెట్టినా పాసే, అంకెలు కూడితే 12 కాబట్టి 3తో పోతుందని బడిపిల్లలైనా చెప్పేస్తారు.

చేతికొచ్చేది: పరీక్ష కారణాంకాలు ఇవ్వదు. భాగహారం 116వ ప్రయత్నంలో 641 ఇస్తుంది, రెండోది 6700417. 1732లో దీన్ని బయటపెట్టింది గణితజ్ఞుడు ఆయిలర్. 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలే చూస్తే చాలని కూడా ఆయనే చూపించాడు, అలా అయితే ఐదోదే 641. నాకైతే ఇది ఎన్నిసార్లు చేసినా ముచ్చటగానే ఉంటుంది.

పది అంకెల లోపు, పైగా కారణాంకాలు కావాలంటే భాగహారమే. వంద అంకెలు దాటితే పరీక్షే, అదీ దాని మెరుగైన రూపం మిల్లర్-రాబిన్, వేర్వేరు సంఖ్యలతో పలుమార్లు.