చలికాలం విశాఖ తోటల్లో నాలుగు రోజులు

డిసెంబరు ఆఖరి వారంలో విశాఖ వెళ్తున్నామని చెబితే విన్న ప్రతి ఒక్కరూ "అరకులో ఎన్ని రోజులు? లంబసింగి ఎప్పుడు?" అనే అడిగారు. మేము ఆ రెండు చోట్లకూ వెళ్లలేదు. అమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పుతుంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, ఒక్కచోట కూర్చోమంటే కూర్చోదు. ఈ ఇద్దరూ ఒకే పూట ఒకేచోట సంతోషంగా ఉండాలంటే ఊళ్లోని పార్కులే సరైనవనిపించింది. నాలుగు రోజులూ వాటికే కేటాయించాం.

నిజానికి విశాఖను చూడాల్సింది ఈ కాలంలోనే. వేసవిలో సముద్రపు తేమకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, సాయంత్రం ఆరయ్యేదాకా ఏ తోటలోనూ నిలవలేం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పద్దెనిమిది డిగ్రీల చలి, మధ్యాహ్నం ఇరవై ఎనిమిది డిగ్రీలకు అటూ ఇటూ ఎండ. అంటే పగలంతా చెట్టు కింద గడిపేయవచ్చు. అమ్మకు కావలసింది కూడా అదే, వెన్నుకు తగిలే ఎండ, పైన కాస్త నీడ.

రాజమహేంద్రవరం నుంచి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి మధ్యాహ్నానికి దిగాం. మొదటి రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక హోటల్లో ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్లు ఉదయం ఏడు తరువాతే వస్తాయని చెప్పారు. తెల్లవారుజామునే నడకకు వెళ్లాలనుకునే వాళ్లకు అది పనికిరాదు. పైగా అర్ధరాత్రి దాటినా హారన్లు ఆగలేదు. మర్నాడే ఎం.వి.పి. కాలనీలో ఒక చిన్న అతిథి గృహానికి మారాం. గదిలోనే గీజరు, కింద అంతస్తులోనే గది, వీధి చివర ఇడ్లీ బండి. పార్కుల కోసం వచ్చేవారికి నా సలహా కూడా ఇదే: బస ఎం.వి.పి. కాలనీలోనో లాసన్స్ బే కాలనీలోనో చూసుకోండి. అక్కడి నుంచి ఉడా పార్కు, కైలాసగిరి దగ్గర, హనుమంతవాక మీదుగా జూ, కంబాలకొండ కూడా దూరం కాదు. ఆటో ఖర్చు సగానికి సగం తగ్గింది.

మొదటి ఉదయం బీచ్ రోడ్డు. ధనుర్మాసం కావడంతో దారిలో గుడి మైకులోంచి తిరుప్పావై వినిపిస్తోంది. రామకృష్ణా బీచ్ దగ్గర ఆ వేళకు వాహనాలు లేవు, రోడ్డంతా నడిచేవాళ్లదే. మంకీ క్యాపులు పెట్టుకున్న తాతగార్లు, చక్రాల బూట్ల మీద దూసుకుపోయే పిల్లలు, ఇసుకలో వాలీబాల్ ఆడే కుర్రాళ్లు. అమ్మ గట్టు మీద శాలువా కప్పుకుని కూర్చుంది. తరువాత కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు నేనూ పాపా మాత్రమే వెళ్లాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన నౌక అది, లోపలి దారులు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లకండి.

ఉడా పార్కు అసలు పేరు తారక రామా పార్కు. 2018లో నగరాభివృద్ధి సంస్థ ఉడా కాస్తా వీఎంఆర్‌డీఏగా మారినా ఆటోవాళ్లకు ఇప్పటికీ అది ఉడా పార్కే. స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు, నడక బాట, తగినన్ని బల్లలు ఉన్నాయి, పక్కనే సముద్రం. పాత సెంట్రల్ జైలు స్థలంలో కట్టిన సెంట్రల్ పార్కుకు ఒక సాయంత్రం వెళ్లాం. ఊరి మధ్యలో విశాలమైన పచ్చిక, పాటకు ఆడే నీటి ధారలు. పిల్లలకు బాగుంటుంది. నాకు మాత్రం చెట్ల నీడ చాలలేదు.

నా మనసు దోచింది ముడసర్లోవ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊరికి తాగునీటి కోసం కట్టిన జలాశయం, దాని దగ్గర తోట. 2018లో నీటి మీద తేలే 2 మెగావాట్ల సౌరఫలకాలను ఇక్కడే అమర్చారు. వాటి అంచున వరుసగా నీటికాకులు రెక్కలు చాచి ఎండలో ఆరబెట్టుకుంటున్నాయి. ఒడ్డున తోకను క్షణమైనా ఆపకుండా ఆడించే వాగ్‌టెయిల్ పిట్టలు తిరుగుతున్నాయి. చలికాలానికి ఉత్తరాది నుంచి వలస వచ్చే పిట్టలవి. "ఇంత చిన్న పిట్ట అంత దూరం ఎలా ఎగిరింది నాన్నా?" అని పాప పదిసార్లు అడిగింది. మేము తీసుకెళ్లిన దుర్భిణి పాతదే అయినా గంటన్నరపాటు దాన్ని కిందపెట్టలేదు.

అక్కడే చెట్ల పాదులు సరిచేస్తున్న తోటపనివారితో అమ్మ మాట కలిపింది. ఎత్తుగా, పలచగా ఉన్న చెట్లను చూసి "ఇవి ఎప్పటివి బాబూ?" అని అడిగింది. "హుద్‌హుద్ తరువాత నాటినవమ్మా. ఆ పెద్దవి ఒకటీ అరా తప్ప పాతవన్నీ ఆ రోజే పడిపోయాయి" అన్నారాయన. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజుల్లో టీవీలో చూసిన బోడి కొండలు నాకు ఇంకా గుర్తే. ఆ మాట విన్నాక ప్రతి తోటలోనూ చెట్ల మొదళ్లనే చూశాను. లావుపాటి మొదలు కనబడితే దాన్నొకసారి తాకకుండా ముందుకు వెళ్లలేకపోయాను. పదేళ్ల కింద నేలమట్టమైన నీడ మళ్లీ అమ్మ తల మీదికి వచ్చిందంటే నాటినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

మూడో రోజు ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల. 1977లో ప్రజల కోసం తెరిచిన ఈ జూ దాదాపు 625 ఎకరాలది. కొండల ఒడిలో ఉంటుంది, ఒక పక్క సముద్రం. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. ఇంత పెద్ద జూను కాలినడకన చూడటం పెద్దవాళ్ల వల్ల కాదు. అందుకని బ్యాటరీ వాహనం ఎక్కాం. దాన్ని దిగుతూ, నడుస్తూ, మళ్లీ ఎక్కుతూ ఒక పూట చూశాం. చలికాలం ఉదయం జంతువులు ఎండకోసం బయటికి వస్తాయి, అదే ఇక్కడ అసలు లాభం. మండువేసవిలో పులి నీడలో నిద్రపోతూ తోక మాత్రమే చూపిస్తుంది. ఆ రోజు తెల్లపులి బండ మీద కూర్చుని మా వైపే చూసింది. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉదయం గేటు తెరిచే వేళకే వెళ్లండి, పదకొండు దాటితే బడిపిల్లల బస్సులు వరుస కడతాయి.

కంబాలకొండకు మర్నాడు చీకటితోనే లేచాం. ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఏలుబడిలోని అడవి, ఇప్పుడు దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. జాతీయ రహదారి హోరు వెనక్కి తగ్గిన కాసేపటికే ఎండుటాకుల చప్పుడు, పక్షుల కూతలు తప్ప ఇంకేమీ ఉండదు. ఒక మహానగరం పక్కన చిరుతలు తిరిగే అడవి మిగిలి ఉండటం ఎంత అదృష్టమో అక్కడికి వెళ్లాకే అర్థమైంది. ప్లాస్టిక్ సంచులు, చిరుతిళ్ల పొట్లాలు తీసుకెళ్లకండి, స్టీలు సీసాలో నీళ్లు చాలు. బాట మీద చెట్ల వేళ్లు, రాళ్లు ఉంటాయి, మడమను పట్టి ఉంచే బూట్లు కావాలి. అమ్మ చెరువు ఒడ్డునే ఆగిపోయింది. నేనూ పాపా కొండ దారిలో గంటసేపు నడిచి వచ్చేసరికి ఆమె పక్కన ఇంకో ఇద్దరు అమ్మమ్మలు చేరి, మాటల్లో సంక్రాంతి అరిసెల పాకం దగ్గరికి వచ్చేశారు. ఆ పూట అమ్మ మోకాళ్ల మాట ఎత్తనేలేదు.

ఒక్క విషయం మాత్రం బాధగా చెప్పాలి. మేము తిరిగిన తోటల్లో ఒకచోట ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో అక్కడున్నవాళ్లెవరికీ తెలియదు. అమ్మ మధ్యాహ్నందాకా నీళ్లు తాగడం మానేసింది. కొత్త ఫౌంటెన్, కొత్త బొమ్మలు తరువాత పెట్టవచ్చు. ముందు తెరిచి ఉన్న శుభ్రమైన మరుగుదొడ్డి, వీపు ఆనించుకునే బల్ల, చక్రాల కుర్చీ ఎక్కగలిగే వాలు దారి కావాలి. ఇవి లేని పార్కు ఎంత అందమైనదైనా పెద్దవాళ్లకు అది మూసి ఉన్నట్టే.

ఆఖరి రోజు మధ్యాహ్నం కైలాసగిరి. 10కె బస్సు కొండ దాకా వెళ్తుంది. పాప కోసం రోప్‌వే ఎక్కాం. పైన శివపార్వతుల విగ్రహాల దగ్గర సెలవుల రద్దీలో నిలబడటానికే చోటు దొరకలేదు. కానీ కొండ చుట్టూ తిరిగే చిన్న రైలులో కూర్చున్నాక ఆ సంగతే మరిచిపోయాం. ఒక మలుపులో నీలి సముద్రం, ఇంకో మలుపులో ఊరంతా. వారం మధ్యలో, మూడు గంటల లోపు వెళ్లగలిగితేనే కైలాసగిరి పెట్టుకోండి.

సూర్యుడు వాలాక కొండ దిగి తెన్నేటి పార్కుకు వచ్చాం. విశాఖ ఉక్కు కోసం పోరాడిన తెన్నేటి విశ్వనాథం గారి పేరు పెట్టిన తోట ఇది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి గాలివానకు కొట్టుకొచ్చి చిక్కుకున్నది ఈ ఒడ్డునే. గేటు బయట ఒకామె గంపలో ఉడికించిన తేగల కట్టలు అమ్ముతోంది. ఒక కట్ట కొన్నాం. సముద్రం వైపు బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం, గాలి చల్లగా కొడుతోంది. అమ్మ ఒక తేగను నడిమికి చీల్చి, నార తీసి, మధ్యలోని తెల్లటి చందమామను పాప నోట్లో పెట్టింది.