సర్వర్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) ఇచ్చే ముందు, మూల నక్షత్రం రోజు మాకు జరిగింది చదవండి

బెజవాడలో, గుంటూరులో లోకల్ ఛానల్ నడిపేవాళ్లు, ప్లేఅవుట్ సర్వర్ (యాడ్లు, ప్రోగ్రాములు దాచి ప్రసారం చేసే కంప్యూటర్) ఉన్న స్టూడియోల వాళ్లు దయచేసి ఇది చదవండి. మాది గవర్నర్‌పేటలో చిన్న కేబుల్ ఛానల్. టెక్నికల్ పనులన్నీ నేనే చూస్తాను. ఈ ఫిబ్రవరిలో సర్వర్ మెయింటెనెన్స్ ఊళ్లోనే ఉన్న ఒక సంస్థకి ఇచ్చాం. ఏడాదికి 85,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం లక్షా మూడొందలు. స్పేర్ పార్టుల ఖర్చు మనదే. సంస్థ పేరు రాయను. ఇలాంటి పని చేసేది వాళ్లొక్కరే అని నాకు నమ్మకం లేదు.

మూల నక్షత్రం రోజంటే మన ఊళ్లో చెప్పక్కర్లేదు. అమ్మవారి సరస్వతీ అలంకారం, ఇంద్రకీలాద్రి మీద అర్ధరాత్రి నుంచే క్యూలైన్లు. మా ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఆ దసరా రోజులదే. కొండ మీది నుంచి లైవ్ వస్తూనే ఉంది, దానికి సర్వర్‌తో పనిలేదు. మధ్యలో వేసే బీసెంట్ రోడ్డు చీరల షాపుల యాడ్లు, నగల షాపుల యాడ్లు మాత్రం అన్నీ అందులోనే ఉన్నాయి. పొద్దున ఆరున్నరకి ఒక డిస్క్ దగ్గర నారింజ లైటు వెలిగింది. సంస్థ కుర్రాడు వచ్చి స్పేర్ పెట్టాడు. రీబిల్డ్ మొదలైంది, అంటే పోయిన డిస్క్‌లోని డేటాని మిగతా డిస్కుల నుంచి లెక్కగట్టి కొత్తదాని మీద మళ్లీ రాయడం. 41 శాతం దాకా వచ్చాక ఇంకో పాత డిస్క్ మొరాయించింది. మాది ఎనిమిది డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజ్‌లా వాడే రెయిడ్ 5. అందులో ఒక డిస్క్ పోతే బండి నడుస్తుంది, అది సర్దుకునేలోపు రెండోది కూడా పోతే మొత్తం గల్లంతే. మాకు అదే అయింది.

షాపుల వాళ్లని బతిమాలి యాడ్లు పెన్‌డ్రైవ్‌లో తెప్పించి, ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ పెట్టి వేశాం. ఒక్కో యాడ్ అయిపోగానే తెర నిండా ఆ ప్లేయర్ గుర్తు, నారింజ రంగు కోను. చీరల షాపు ఆయన ఫోన్ చేసి, "ఏమండీ, మా యాడ్ వెనకాలే ఆ కోను వస్తోంది, ఎవరిది?" అని అడిగారు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగారు.

పండగ అయ్యాక కూర్చుని చూస్తే ఒక్కొక్కటీ బయటపడింది. ముందు పోయిన డిస్క్ పాతది కాదు. జులైలో ఇదే సంస్థ "కొత్తది సార్, సీల్ ఓపెన్ చేసి పెడుతున్నాం" అంటూ 13,800కి బిల్లు వేసి పెట్టింది. దాన్ని ఊడదీసి మామూలు డెస్క్‌టాప్‌కి తగిలించి, డిస్క్ వివరాలు చూపించే, ఉచితంగా దొరికే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచాను. పవర్ ఆన్ అవర్స్ అన్న చోట 31,412 ఉంది. ఏడాదికి 8,760 గంటలు. ఆ లెక్కన మూడున్నర ఏళ్లు ఆగకుండా తిరిగిన డిస్క్ అది. మా దగ్గర తిరిగింది రెండు వేల పైచిలుకు గంటలే. మిగతాదంతా ఏ సీసీటీవీ డబ్బాలో తిరిగిందో. పైన లేబుల్ తళతళలాడుతోంది, స్క్రూ రంధ్రాల్లో మాత్రం గీతలు. సీరియల్ నంబర్ తయారీ కంపెనీ సైట్‌లో కొడితే వారంటీ ఎప్పుడో అయిపోయిందని వచ్చింది.

తర్వాత పీఎం విజిట్ (ప్రివెంటివ్ మెయింటెనెన్స్, అంటే పాడవకముందే వచ్చి చూసే తనిఖీ) రిపోర్టులు తీశాను. ఫిబ్రవరి, మే, ఆగస్టు, మొత్తం మూడు. మూడింట్లోనూ సర్వర్ రూమ్ టెంపరేచర్ 24 డిగ్రీలే. మే రిపోర్టు మీద ఉన్న తేదీ చూసి కాసేపు అలాగే ఉండిపోయాను. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మా ఏసీ నాలుగు రోజులు పనిచేయలేదు. తలుపులు బార్లా తీసి, ఇంటి నుంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి సర్వర్‌కి పెట్టాం. ఆ నాలుగు రోజుల్లో ఒక రోజే ఆ విజిట్. రిపోర్టులో 24.

"రెయిడ్ బ్యాటరీ: ఓకే" అని మూడుసార్లూ రాశారు. డిస్కులన్నిటినీ నడిపే రెయిడ్ కంట్రోలర్ లాగ్ తెరిస్తే మార్చి 9 నుంచీ బ్యాటరీ ఫెయిల్ అనే ఉంది. కరెంటు పోయినా కంట్రోలర్ మెమరీలో ఉన్న డేటా చెరిగిపోకుండా కాపాడేది ఆ బ్యాటరీయే. అది చచ్చిపోతే కంట్రోలర్ జాగ్రత్తపడి ప్రతీదీ నేరుగా డిస్క్ మీదే రాస్తుంది, దాంతో రాయడం నెమ్మదిస్తుంది. వేసవి నుంచీ ఫైళ్లు ఎక్కించడానికి గంటలు పడుతుంటే మేం నెట్‌వర్క్‌ని తిట్టుకున్నాం. వీళ్లనడిగితే కొత్త ఎస్‌ఎస్‌డీలకి కొటేషన్ పంపారు!

పాట్రోల్ రీడ్ అని ఒకటుంటుంది. డిస్కుల మూలమూలలూ చదివి, పాడైన చోట్లు ముందే పట్టుకునే పని. మా సర్వర్‌లో దాన్ని ఆఫ్ చేసి ఉంచారు. ఎవరూ ముట్టని పాత ఫైళ్ల కింద పాడైన సెక్టర్లు రీబిల్డ్ రోజునే బయటపడ్డది అందుకే. ఇక బ్యాకప్ డ్రైవ్ సంగతి. అందులో చివరి ఫైలు ఉగాది పంచాంగ శ్రవణం. ఆ తర్వాత ఒక్కటీ లేదు. 2016 కృష్ణా పుష్కరాల్లో ఘాట్ల దగ్గర మేం తీసిన ఫుటేజీ అసలు బ్యాకప్‌లోకే ఎక్కలేదు. యాడ్ల డబ్బులు వచ్చే దసరాకి ఎలాగోలా సర్దుకుంటాం. అది మళ్లీ తీయలేం.

సంస్థ ఓనర్ని అడిగితే గొంతు కూడా పెంచలేదు. "సార్, మూడు రిపోర్టుల మీదా మీరే సంతకం పెట్టారు కదా" అన్నాడు. పెట్టాను. వాళ్లు బ్లోయర్ పట్టుకుని దుమ్ము కొడుతుంటే నేను టీ తాగడానికి వెళ్లి, వచ్చి పెట్టాను. అన్నట్టు ఆ బ్లోయర్ కూడా సర్వర్ నడుస్తుండగానే కొట్టేవాళ్లు, లేచిన దుమ్మంతా మళ్లీ ఫ్యాన్లే లోపలికి లాక్కునేవి. కొత్త డిస్క్ సంగతి అడిగితే "సప్లయర్ మోసం చేశాడు" అన్నాడు. డబ్బులు వెనక్కి రాలేదు. వచ్చే ఏడాది ఏఎంసీలో 20 శాతం తగ్గిస్తాడట.

మీకు ఏఎంసీ ఉంటే ఈసారి విజిట్‌కి వాళ్ల పక్కనే కూర్చోండి. బ్యాటరీ స్టేటస్, పాట్రోల్ రీడ్ చివరిసారి ఎప్పుడు నడిచిందీ స్క్రీన్ మీద చూపించమనండి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కాగితం మీద ఓకేలు వద్దు. బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైలు మీరే ఎంచి, వాళ్ల ఎదుటే ప్లే చేయించండి. కొత్త డిస్క్ అంటే సర్వర్‌లో పెట్టకముందే గంటలు చూడండి. ఆ అంకెని సున్నా చేసి అమ్మే ఘనులూ ఉన్నారు, కాబట్టి సీరియల్ నంబర్‌తో వారంటీ కూడా చూసి, ఆ నంబర్ బిల్లు మీద రాయించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, నారింజ లైటు వెలిగితే ఎవరెంత తొందరపెట్టినా వెంటనే రీబిల్డ్ మొదలుపెట్టనివ్వకండి. సర్వర్ ఇంకా నడుస్తోంది కదా, ముందు కావాల్సిన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. ఆ రోజు మా పుష్కరాల ఫోల్డర్ కాపీ అవడానికి రెండు గంటలు చాలేది.