పది టైర్ల లారీలో డ్యాష్‌క్యామ్: తప్పెవరిదో చూపిస్తుంది, డబ్బెవరు కట్టాలో చెప్పదు

మాది ఎర్రగుంట్ల. సిమెంటు, నాపరాళ్లు లోడేసుకుని కడప, రాయచోటి, చిత్తూరు మీదుగా బెంగళూరు వైపు తిరిగే పది టైర్ల బండి, డ్రైవరును పెట్టి నడిపిస్తున్నా. యాక్సిడెంటు అయితే చాలు, పోలీసులు రాకముందే చుట్టూ చేరినవాళ్లు పెద్ద బండిదే తప్పని తేల్చేస్తారు కాబట్టి డ్యాష్‌క్యామ్, అంటే ముందు అద్దం దగ్గర కూర్చుని రోడ్డును వీడియో తీసే కెమెరా పెట్టించాను. కొన్ని ఎండాకాలాలు చూసింది, ఒక కేసు కూడా చూసింది, అందుకే రాస్తున్నా.

ముందు వస్తువు సంగతి. లారీ కరెంటు 24 ఓల్టులు, కాబట్టి కార్లకని అమ్మే చార్జరు వద్దు, 12కీ 24కీ పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. లోపల బ్యాటరీ ఉండే రకం మే నెల కడప ఎండకి అద్దం దగ్గర కూర్చుని ఉబ్బిపోయింది, తర్వాత బ్యాటరీ బదులు కెపాసిటర్ (కరెంటును కాసేపు నిలిపే చిన్న భాగం) ఉన్నది వేయించా, అది నిలబడింది. మామూలు మెమరీ కార్డు ఎక్కువ రోజులు రాదు, సీసీ కెమెరాల కోసం చేసే ఎండ్యూరెన్స్ రకం కావాలి. రాత్రిపూట ఎదుటి బండి నంబరు చదవొచ్చని అట్ట మీద రాస్తారు గానీ, హెడ్‌లైట్లు పడితే కనబడేది తెల్లటి వెలుగే. ఇంకో విసుగేమిటంటే కుదుపు సెన్సరు. క్వారీ దారిలో ప్రతి గుంతకీ యాక్సిడెంటు అయిందనుకుని ఫైలు లాక్ చేస్తుంది, కార్డు నిండిపోతుంది. సెట్టింగులో దాన్ని బాగా తగ్గించాకే ప్రాణం హాయిగా ఉంది.

మొదట్లో మా డ్రైవరు "ఏం సామీ, నన్ను కావలి కాసేదానికా ఇది?" అని అలిగాడు. లోపలి మాటలు రికార్డు కాకుండా మైకు ఆపేస్తే సర్దుకున్నాడు.

ఇక కేసు. ఒక రాత్రి ఎదురుగా వస్తున్న బైకు ఆటోను దాటబోయి మా వైపుకి వచ్చింది. నడిపే అతనికి కాలు విరిగింది, వెనక కూర్చున్న అతనికి చెయ్యి. మావాడు పారిపోలేదు, 108కి ఫోన్ చేసి వాళ్లను ఆస్పత్రికి పంపి, నేరుగా స్టేషన్‌కి వెళ్లాడు. మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షన్ అడిగేది కూడా అదే, అయితే జనం కొట్టేలా ఉంటే అక్కడే నిలబడి దెబ్బలు తినమని అది చెప్పదు, వెంటనే స్టేషన్‌కి పోయి విషయం చెప్పాలి. వెళ్లేముందు కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇది మీ డ్రైవర్లకి తప్పకుండా నేర్పండి, ఎందుకంటే కెమెరా నడుస్తూ ఉంటే పాత వీడియోని చెరిపి దాని మీదే కొత్తది రాసేస్తుంది.

ఎఫ్‌ఐఆర్ మాత్రం మావాడు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపాడనే పడింది. వాళ్ల బంధువులు ఇచ్చిన ఫిర్యాదు అది, అలాగే ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండిలో లోపం లేదని రాసిచ్చాడు. పరిహారం కోసం వాళ్లు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేసి డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్సు కంపెనీ ముగ్గురినీ చేర్చారు. క్రిమినల్ కోర్టులోలా అనుమానానికి తావు లేకుండా రుజువు కానక్కర్లేదు ఇక్కడ, ఏది ఎక్కువ నమ్మేలా ఉందో చూస్తారు. అందుకే వీడియో లేకపోతే ఎఫ్‌ఐఆర్, చార్జిషీటుదే పైచేయి అవుతుంది. వీడియో ఊరికే పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే చాలదని లాయరు గారు ముందే చెప్పారు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి, అంటే తర్వాత ఎవరూ ఫైలు మార్చలేదని తేల్చే అంకె. కెమెరాలో తేదీ, టైము తప్పుగా ఉంటే అవతలి లాయరు ముందు పట్టుకునేది దాన్నే.

వీడియోలో బైకు గీత దాటడం తేటతెల్లంగా ఉంది. కానీ కింద మూలన మా బండి వేగం 60 దాటి కనబడుతోంది, పక్కన 40 అని ఉన్న బోర్డు కూడా అదే వీడియోలో పడింది! ఇన్సూరెన్సు కంపెనీ లాయరు బైకు గీత దాటడం చూపిస్తే, బైకు వాళ్ల లాయరు మా వేగం చూపించాడు. చివరికి బైకతని తప్పు ఎక్కువ, మాది తక్కువ అని వాటాలు వేసి, అతని పరిహారంలో ఆ మేరకు కోత పెట్టారు. వెనక కూర్చున్నతనికి మాత్రం కోత లేదు. అతను బండి నడపలేదు, అతని తప్పేమీ లేదు, కాబట్టి రెండు బండ్లలో ఎవరి దగ్గరైనా మొత్తం అడగొచ్చని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. అంటే మా తప్పు తక్కువే అయినా అతనికి మా ఇన్సూరెన్సే అంతా కట్టి, తర్వాత బైకు వైపు నుంచి వసూలు చేసుకోవాలి.

అసలు అదే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద పరిహారం అడిగితే తప్పెవరిదన్న ప్రశ్నే రాదు, చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. అక్కడ ఎంత మంచి కెమెరా అయినా చేసేదేమీ లేదు.

కెమెరా అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇంకోటుంది. వీడియోలో ఏమున్నా సరే, బండి కాగితాలు సరిగా లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీ బాధితుడికి కట్టేసి మన మీద రికవరీకి వస్తుంది. పర్మిట్ లేని బండి విషయంలో 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2024 నవంబరు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కారు లైసెన్సుతో లారీ నడపొచ్చని కొందరు తిప్పి చెబుతున్నారు. అది 7,500 కిలోల లోపు బండ్లకే, లోడుతో 28 టన్నులు దాటే పది టైర్ల బండికి హెవీ లైసెన్సు ఉండాల్సిందే. బండి అమ్మేసి ఆర్‌సీ మార్చకుండా వదిలేసినా కేసు పాత ఓనరు మెడకే చుట్టుకుంటుంది.

ముందు వైపు మాత్రమే చూసే కెమెరాకి పెద్ద లోటు ఏమిటో ఇంకోసారి తెలిసింది. గువ్వలచెరువు ఘాట్ దిగాక టైరు మార్చడానికి పక్కకి ఆపితే కారు ఒకటి వెనక నుంచి వచ్చి గుద్దింది. కెమెరాలో ఉన్నదల్లా ఖాళీ రోడ్డు, గుద్దినప్పుడు చిన్న ఊపు. ఆగిన లారీ కేసుల్లో చూసేది పార్కింగ్ లైట్లు వెలిగాయా, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఉన్నాయా, త్రికోణం పెట్టారా, రోడ్డు నుంచి ఎంత పక్కకి ఆపారు అని. క్లీనరు పని మొదలుపెట్టేముందు ఫోన్‌లో తీసిన ఫొటోలే అక్కడ పనికొచ్చాయి. ఆ తర్వాత వెనక కూడా కెమెరా వేయించాను. టార్పాలిన్ తాడు అడ్డం రాకుండా నంబరు ప్లేటు పైన బిగించాం, దుమ్ముకి రెండు రోజులకోసారి గుడ్డతో తుడవాల్సి వస్తోంది, వానలో బొమ్మ అంతంత మాత్రమే.

కొనాలా అంటే కొనండి, ముందూ వెనకా రెండూ ఉన్నది. జీపీఎస్ వేగం వీడియో మీద పడే ఆప్షన్ ఆపేయాలా అని చాలామంది ఓనర్లు అడుగుతున్నారు. నేను ఉంచాను. బోర్డు కనబడే చోట బండి ఎంత వేగంతో పోతోందో ఇప్పుడు మావాడే చూసుకుంటున్నాడు.