గోదావరి గట్టున స్కెచ్చా, ఫోటోనా: ఏది మేలు?

రేవులోనో చేలోనో కనిపించిన మామూలు దృశ్యాన్ని బొమ్మ చేయాలంటే అక్కడే కూర్చుని స్కెచ్ వేసుకోవాలా, ఫోటో తీసుకుని ఇంటికొచ్చి వేయాలా? ఈ ప్రశ్న అడగని నెల లేదు. క్షణం చేజారిపోతుంది కాబట్టి ఫోనే గతి అని చాలామంది ముందే తేల్చేసుకుని వస్తారు. కానీ ఇక్కడ చూడాల్సింది వేగం కాదు, ఆ పని మళ్ళీ వస్తుందా రాదా అన్నది.

ఆత్రేయపురం పూతరేకులే తీసుకోండి. బోర్లించిన కుండ, లోపల ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగితే క్షణాల్లో రేకు. ఒక్క రేకుకి పెన్సిల్ అందదు. అయితే అదే చెయ్యి, అదే వంపు గంటలో పదులసార్లు తిరిగొస్తాయి. మొదటిసారి వీపు గీత, రెండోసారి భుజం, మూడోసారి మణికట్టు. పది రేకులయ్యేసరికి మనిషి కాగితం మీదికి వచ్చేస్తుంది. విసురు వల, ఊడ్పులు, నరసాపురం లేసు అల్లిక, అన్నీ ఈ కోవలోవే. పైగా అన్నిసార్లు చూశాక ఆ బొమ్మ గురించి చెప్పడానికి సరుకుంటుంది: ఏ మోచెయ్యి ఒంటికి ఆనింది, వేడికి మొహం ఎటు తిరిగింది. ఫోటో చూసి వేసినవాళ్ళు చాలామంది బొమ్మ కింద ‘పల్లె అందం’ అని రాసి ఆగిపోయేది అందుకే.

సరంజామా తక్కువే. ఏ5 సైజు 300 జీఎస్ఎం (మందపాటి) కాటన్ కాగితం, 4బీ పెన్సిల్, 8వ నంబరు గుండ్రటి కుంచె, మూడు నీటిరంగులు: అల్ట్రామెరైన్ (నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), యెల్లో ఓకర్ (మట్టి పసుపు). మొదటి రెండూ కలిపితే నీడల బూడిదరంగు. ఓకర్‌కి సియెన్నా చేరిస్తే జూలై, ఆగస్టుల్లో వచ్చే ఎర్రనీళ్ళు.

బొమ్మ చెడేది ఆరే దగ్గర. ధనుర్మాసం మంచులో పొద్దున్నే వేసిన పూత ఎంతకీ ఆరదు. ఓపిక పట్టక రెండో పూత వేస్తే, కొత్త నీరు సగం ఆరిన రంగును తోసుకెళ్ళి క్యాబేజీ ఆకు అంచులాంటి మరకలు కడుతుంది. వేలి వెనకవైపు కాగితానికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడే. మే నెలలో దీనికి తలకిందులు: ఆకాశం పూత సగంలో ఉండగానే రంగు ఆరి గీత పడుతుంది. కాగితం వెనకవైపు కూడా తడిపి, నీడలో కూర్చోవాలి.

మళ్ళీ రానివాటికి మాత్రం ఫోనే. నరసాపురం పంటు (గోదావరి దాటించే పడవ) సఖినేటిపల్లి రేవుకి తగలకముందే ఒడ్డుకి దూకే కుర్రాడు, దమ్ము చేసిన చేలోంచి ఒక్కసారిగా లేచే కొంగల గుంపు. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతుకి తగ్గకూడదు. అంచుల్లో మనుషులు సాగిపోకుండా వైడ్ లెన్స్ వదిలి 2ఎక్స్ జూమ్ పెట్టండి. వైట్ బ్యాలెన్స్ (ఫోటో రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంటే ఎర్రనీళ్ళ ఎరుపును ఫోనే చల్లార్చేస్తుంది, ఎండ గుర్తు మీద పెట్టాలి. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో సాయంత్రం సూర్యుడు ఎదురుగా కొవ్వూరు వైపు దిగుతాడు. నీటి మెరుపు మీద వేలు నొక్కిపట్టి, వెలుగు కాస్త తగ్గిస్తే మనుషులు నల్లటి ఆకారాలవుతారు. మొహాలు కావాలంటే నీళ్ళు తెల్లబోతాయి. రెండూ ఉంచబోయి హెచ్‌డీఆర్ (వేర్వేరు వెలుగుల్లో తీసిన ఫోటోలను ఫోనే కలిపే పద్ధతి) నీడనీ ఎండనీ ఒకే బరువుకి తెస్తుంది. దాన్ని చూసి వేసిన బొమ్మ చప్పగా ఉంటే తప్పు కుంచెది కాదు. కంటికి తాటాకు పాక చూరు కింద కూడా ఎర్రటి వెలుగు కనిపిస్తుంది, ఫోటోలో అది చాలాసార్లు నలుపే.

ట్యాబ్ మీద గీయడం ఇంట్లో బాగుంటుంది, గట్టు మీది ఎండలో తెర కనిపించదు. ఏమీ తీసుకోకుండా జ్ఞాపకం మీద వేస్తే అన్ని పడవలూ ఒకేలా వస్తాయి.

నా మొగ్గు స్కెచ్ వైపే. పడవ తాడు ముడి, వలకి కట్టే బరువు గుళ్ళ వరస లాంటి వివరాలకి ఫోటో తోడుంటే చాలు. ఫోటో ఒక్కటే దొరికితే, రేవు దాటకముందే నాలుగు మాటలు రాసుకోండి: వెలుగు ఎటునుంచి పడింది, నీళ్ళు ఏ రంగు, గాలి ఎటు, నొక్కడానికి ముందు ఏం జరిగింది. టైము ఎలాగూ ఫోనే రాసుకుంటుంది.