ఓల్డ్ హికరీ బులెవార్డ్ మీద గది తీసుకునే ముందు

అమెరికాలో, టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో గది బుక్ చేసుకునేవాళ్ళకి ముందుగా ఒక మాట. చిరునామాలో ఓల్డ్ హికరీ బులెవార్డ్ అని కనబడితే వెంటనే డబ్బు కట్టేయకండి. ఆ పేరుతో ఊరి చుట్టూ ముక్కలు ముక్కలుగా రోడ్డు ఉంది. ఐ-40 హైవే మీద 199వ ఎగ్జిట్ దగ్గర ఒకసారి, మళ్ళీ 221వ ఎగ్జిట్ దగ్గర ఇంకోసారి అదే పేరు వస్తుంది. మధ్యలో 22 మైళ్ళు, ఊరు మొత్తం. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు పన్నులతో కలిపి 301 డాలర్ల 34 సెంట్లు అయింది.

అమ్మానాన్న రాజమండ్రి నుంచి అట్లాంటాలో మా ఇంటికి వచ్చి నెలైంది. అమ్మకి నాష్‌విల్ గణేశుడి గుడి చూడాలని. నాన్నకి ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇల్లు చూడాలని. ఇరవై డాలర్ల నోటు మీద ఆ జుట్టాయన ఎవరని మా ఆయన్ని అడిగిన దగ్గర్నుంచి, రోజూ పొద్దున్నే కాఫీతో పాటు జాక్సన్ గురించి చదివి మాకు అప్పజెప్పడం నాన్నకి అలవాటైంది. గుడి ఉండేది 527 ఓల్డ్ హికరీ బులెవార్డ్‌లో. నాకు చవగ్గా దొరికిన హోటలూ ఓల్డ్ హికరీ బులెవార్డ్‌లోనే. రద్దు చేస్తే డబ్బు తిరిగి రాని రేటు, రాత్రికి 129. రెండు రాత్రులకి బుక్ చేసేశాను. "నంబరు చూశావా?" అన్నాడు మా ఆయన. "ఒకే రోడ్డు కదా, చూసేదేముంది" అన్నాను. ఆ మాట నాకు మూడు రోజుల పాటు తిరిగి వినబడుతూనే ఉంది.

అక్టోబరు శుక్రవారం ఎనిమిదింటికి బయల్దేరాం. ఐ-75 మీద కాల్హౌన్ ఊరి దగ్గర దిగితే న్యూ ఎకోటా. దారిలో కాళ్ళు చాపుకోవడానికి ఓ అరగంట అనుకున్నది రెండు గంటలైంది. టిక్కెట్టు మనిషికి పది డాలర్లు కూడా లేదు. ఈ యాత్రలో నేను పెట్టిన ఖర్చుల్లో దీనికే పూర్తి న్యాయం జరిగింది.

1825లో చెరోకీ ఆదివాసులు తమ రాజధానిగా కట్టుకున్న ఊరు ఇది. సొంత రాజ్యాంగం రాసుకున్నారు, 1828లో ఇక్కడే సొంత పత్రిక అచ్చేశారు. ఆ పత్రికలో వాడిన చెరోకీ అక్షరాలు కనిపెట్టింది సెక్వోయా. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా తన భాషకి, ఒక్కో పలుకుకి ఒక్కో అక్షరం చొప్పున ఎనభై పైచిలుకు గుర్తులు తయారుచేశాడు. అమ్మ ఆ పట్టిక ముందు చాలాసేపు నిలబడింది. "'కి'కీ, 'కు'కీ పోలికే లేదు. గుణింతం లేకుండా పిల్లలు ఎలా నేర్చుకున్నారే?" అంది. కానీ వాళ్ళు చాలా త్వరగానే నేర్చుకున్నారట.

నాన్నని పట్టుకున్నది వేరే సంగతి. 1814లో హార్స్‌షూ బెండ్ దగ్గర క్రీకులనే ఇంకో ఆదివాసీ తెగతో జరిగిన యుద్ధంలో చెరోకీలు జాక్సన్ పక్షాన పోరాడారు. సెక్వోయా కూడా ఆ దళాల్లో ఉన్నాడు. తర్వాత చెరోకీలకి నాయకుడైన జాన్ రాస్ కూడా. ఆ గెలుపుతో జాక్సన్‌కి పేరొచ్చింది, క్రీకుల నుంచి రెండు కోట్ల ముప్పై లక్షల ఎకరాలు పోయాయి. పదహారేళ్ళ తర్వాత, 1830లో, ఆదివాసులని మిసిసిపీ నది అవతలికి పంపించే చట్టం మీద సంతకం పెట్టింది అదే జాక్సన్. 1832లో సుప్రీంకోర్టు చెరోకీల వైపు తీర్పిచ్చినా కదల్లేదు. 1835 చివర్లో ఇదే న్యూ ఎకోటాలో, రాస్‌కి సంబంధం లేకుండా కొద్దిమంది చెరోకీలు నేల వదులుకునే ఒప్పందం మీద సంతకాలు చేశారు. సెనేట్‌లో అది ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. 1838లో సైన్యం వచ్చేనాటికి జాక్సన్ పదవి దిగిపోయాడు కానీ పని ఆయన మొదలుపెట్టిందే. సుమారు పదహారు వేలమందిని తోలితే నాలుగు వేలమంది వరకు పోయారు.

నాన్న రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్ళు చేశారు. అందులో కొన్నేళ్ళు ముంపు గ్రామాలకి నోటీసులు పంచే పని. కారెక్కాక చాటనూగా దాటేదాకా మాట్లాడలేదు. అమ్మ పులిహోర డబ్బా తీసినా వద్దన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న ఒకటే: "సంతకాలు పెట్టినవాళ్ళకి పరిహారం ఎంత ఇచ్చారట?" మొత్తం యాభై లక్షల డాలర్లని ఒప్పందంలో ఉందని చెప్పాను.

ఇక హోటల్ పురాణం. టెనెస్సీలో చాటనూగా దాటాక గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. దాంతో రెండింటికే చేరిపోయాం. గదిలోకి పంపేది మూడింటికట. శుభ్రం చేసిన గది ఎదురుగా ఉంది, తాళం కౌంటర్ దగ్గరి అమ్మాయి చేతిలో ఉంది. ముందుగా కావాలంటే ఇరవై డాలర్లు, అదీ నోటుగానే. అమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది, ఇచ్చాం. డిపాజిట్ పేరుతో కార్డు మీద ఇంకో యాభై. "గుడికి నడిచి వెళ్ళొచ్చా?" అని అమ్మ అడగమంది. ఫోన్ తీసి చూస్తే 22 మైళ్ళు. రెండు పూటలా దర్శనం చేసుకుందామని పట్టుచీర తెచ్చుకుంది పాపం. నా వైపు చూడలేదు. మా ఆయన చూశాడు.

పొగ తాగకూడని గదిలో సిగరెట్ కంపు. మార్చమంటే ఖాళీ లేవంది. ఏసీ రాత్రంతా పాత ట్రాక్టర్‌లా కొట్టుకుంది. పొద్దున వేడి బ్రేక్‌ఫస్ట్ అంటే వాఫిల్ మిషన్, దాని మీద పని చేయదని కాగితం. అరటిపళ్ళు నాలుగు తెచ్చుకుని, ఇంటి నుంచి తెచ్చిన కారప్పూసతో కానిచ్చాం. నేను ఇది రాసే రోజుకి ఆ యాభై తిరిగి రాలేదు.

ఒకటి మాత్రం కలిసొచ్చింది. గుడికి దూరమైన ఆ హోటల్ హెర్మిటేజ్‌కి, అంటే జాక్సన్ ఇంటికి, పది నిమిషాలే. శనివారం అక్కడికే వెళ్ళాం. నలుగురికి వంద డాలర్లు పైనే. ఖరీదే, కానీ ఇంట్లోకి వెళ్ళి చూడకుండా రాకండి. ఇంటి ముందు దారి గిటార్ ఆకారంలో ఉంటుంది, రెండు వైపులా సెడార్ చెట్లు. లోపల హాల్ గోడల మీద పారిస్ నుంచి తెప్పించిన కాగితం, టెలిమాకస్ అనే గ్రీకు రాకుమారుడి కథ బొమ్మలతో. 1834లో ఇల్లు కాలిపోయాక, జాక్సన్ వాషింగ్టన్‌లో ఉండగానే మళ్ళీ కట్టించారు.

మనిషి బతుకు మాత్రం సినిమా కథే. 1767లో తండ్రి పోయాక పుట్టాడు. స్వాతంత్ర్య యుద్ధంలో పదమూడేళ్ళకే కబుర్లు మోసే కుర్రాడు. బ్రిటిష్ వాళ్ళకి దొరికిపోతే ఒక అధికారి బూట్లు తుడవమన్నాడు, తుడవనన్నాడు. కత్తి వేటు మచ్చ తల మీద, చేతి మీద జీవితాంతం ఉంది. అన్న మశూచితో పోయాడు, తల్లి ఖైదీలకి సేవ చేయబోయి జబ్బుపడి పోయింది. పద్నాలుగేళ్ళకి ఎవరూ లేరు. 1806లో ద్వంద్వ యుద్ధంలో అవతలివాడి గుండు ఛాతీలో దిగాక కూడా నిలబడి కాల్చి చంపాడు. ఆ గుండు తీయడం కుదరక అలాగే ఉండిపోయింది. "మంచి మొండివాడే" అన్నారు నాన్న, నిన్నటి కోపం కాస్త పక్కనపెట్టి.

ఆ మొండితనంతోనే జాక్సన్‌కి 'ఓల్డ్ హికరీ' అనే పేరొచ్చింది, మన రోడ్డు పేరే. 1813లో నాచెజ్ దాకా తీసుకెళ్ళిన దళాన్ని అక్కడే రద్దు చేసేయమని పై నుంచి ఆజ్ఞ. వినలేదు. గుర్రాలు జబ్బుపడ్డవాళ్ళకి ఇచ్చేసి, తను నడిచి అందరినీ ఇంటికి తెచ్చాడు. హికరీ అంటే మన నల్లతుమ్మ లాంటి గట్టి కలప. రెండేళ్ళకి న్యూ ఆర్లియన్స్‌లో బ్రిటిష్ వాళ్ళని చిత్తుగా ఓడించాడు. అప్పటికి రెండు వారాల ముందే సంధి మీద సంతకాలయ్యాయి, కబురే అందలేదు.

అమ్మకి తోటలోని సమాధి దగ్గర కళ్ళు చెమ్మగిల్లాయి. జాక్సన్ భార్య రేచల్‌కి మొదటి భర్తతో విడాకులు పూర్తికాకముందే ఈయనతో పెళ్ళైంది. 1828 ఎన్నికల్లో ప్రత్యర్థులు దాన్ని బజారుకెక్కించారు. గెలిచాక, ప్రమాణ స్వీకారానికి వెళ్ళకముందే డిసెంబరులో ఆమె పోయింది. పక్కనే ఇంకో రాయి, ఆల్ఫ్రెడ్‌ది. ఇక్కడే బానిసగా పుట్టి, విముక్తి వచ్చాక కూడా ఇక్కడే ఉండి, వచ్చినవాళ్ళకి ఇల్లు చూపిస్తూ 1901లో పోయాడు. ఆయన ఉన్న చెక్కగది ఇంటి వెనకే ఉంది. అందరూ పెద్దింట్లో గంట గడిపి ఇక్కడ రెండు నిమిషాల్లో తేల్చేస్తున్నారు. మీరలా చేయకండి.

మధ్యాహ్నం తిన్నది ఈ యాత్రకే వరం. ఈ ఊళ్ళో ఒక మాంసం, మూడు కూరలు కలిపి పళ్ళెంలా పెట్టే భోజనశాలలు ఉంటాయి. మాంసం వద్దంటే నాలుగు కూరలు ఇస్తారు. పన్నెండు డాలర్లు. అమ్మ పళ్ళెంలో బెండకాయ వేపుడు, అలసందలు, మొక్కజొన్న రొట్టె! "ఇంటి భోజనమే" అని రెండోసారి కూడా బెండకాయ అడిగింది. ఆకుకూర మాత్రం పంది మాంసం వేసి ఉడికిస్తారు, అలసందలూ ఒక్కోచోట అంతే. వడ్డించిన పెద్దావిడే ముందుగా చెప్పి అమ్మని కాపాడింది. శాకాహారులు అడగకుండా చెంచా ముంచకండి. బెండకాయ, అలసందలు ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన పంటలని చెబితే అమ్మ తినడం ఆపి, "ఆ చెక్కగదిలో వాళ్ళా?" అని, మళ్ళీ నెమ్మదిగా తిన్నది.

ఆదివారం అయిదింటికే అమ్మ పట్టుచీరలో తయారు. ఖాళీ రోడ్డు మీద అరగంటలో ఆ చివర ఓల్డ్ హికరీకి చేరాం. దర్శనం ప్రశాంతంగా జరిగింది, ప్రసాదం పులిహోర మా ఇంటిదాని కంటే బాగుంది. అమ్మ హుండీలో వేయడానికి ఇరవై నోటు తీసింది. నాన్న చటుక్కున అది లాక్కుని జేబులో పెట్టుకుని, రెండు పదులు ఇచ్చారు. అమ్మ పదులు రెండూ వేసేసి చెయ్యి చాపింది.

"ఆయనా రానీండి. వినాయకుడే చూసుకుంటాడు."

నాన్న నోటు ఇచ్చారు.